వీపు లేని కోటు

రైలు గేటు పక్క గది నుంచి,
ఫిబ్రవరి పన్నెండు.

మా అన్న కూతురికి,

నీ కాగితం అందింది. అచ్చు కాగితం. పైన "గౌరవనీయులైన పౌరునికి" అని ఉంది. మీ ఇళ్ళలో యుద్ధం నాటి వస్తువులేమైనా ఉంటే మా గదికి ఇవ్వండి, వాటి వెనక సంగతి కూడా చెప్పండి అని ఉంది. కింద నీ సంతకం. నలభై ఏళ్ళ తర్వాత నీ దగ్గర్నుంచి వచ్చిన మొదటి ఉత్తరం ఇది. అందులో నా కోసమని రాసిన మాట ఒక్కటీ లేదు.

దొంగ ఇంట్లో అయితే వస్తువులు తప్పకుండా దొరుకుతాయి అనుకున్నావా?

నువ్వు మరిచిపోయి ఉంటావు. పెళ్ళికూతురివి, కొత్త చీరలో తల వంచుకుని కూర్చున్నావు. నేను మరిచిపోలేదు. నీ పెళ్ళి భోజనాల దగ్గర నీళ్ళు పోస్తున్నాను. మీ మామగారు గోడ మీద మా అన్న ఫోటో చూసి, "ఆఫీసరు గారి కోటు ఇంట్లోనే ఉందా అమ్మా? ఒక్కసారి చూపించండి, మా వాళ్ళందరూ చూస్తారు" అన్నాడు. మీ అమ్మ నా వైపు చెయ్యి చూపించింది. "ఇంకెక్కడి కోటండీ! అదుగో మా మరిది. మూట కట్టుకుని పట్టుకుపోయాడు. ఏ కొట్టులో అమ్ముకున్నాడో ఆయన్నే అడగండి" అంది. అంతమందిలో. నా చేతిలో జగ్గు అలాగే ఉండిపోయింది. ఒక్కరూ నన్ను ఏమీ అడగలేదు. అడిగినా బాగుండేది. అందరూ కంచాల్లోకి చూసుకున్నారు.

జగ్గు బల్ల మీద పెట్టి, మా ఆవిడ చెయ్యి పట్టుకుని బయటికి వచ్చేశాను. ఇద్దరం అన్నం తినలేదు. ఆ క్షణంలో మీ అమ్మ నోరు జారింది, తర్వాత పిలిచి సర్దుతుంది అనుకున్నాను. పిలవలేదు. మా ఆవిడ పోయినప్పుడు కూడా మీ గడప లోంచి ఒక్క మనిషి రాలేదు.

బోర్డులు రాసుకు బతికినవాణ్ణి. అందరూ రంగుల మేస్త్రీ అనేవాళ్ళు. నీ పెళ్ళి నుంచి కోటు మేస్త్రీ అన్నారు. పడలేక మకాం మార్చాను. ఆ పేరు నాకంటే ముందు రైలు దిగి ఇక్కడ కూర్చుంది.

నేను బడికి వెళ్ళింది తక్కువ. బోర్డు మీద అక్షరాలు బొమ్మ గీసినట్టు గీసేవాణ్ణి, చదవడం తర్వాత వచ్చింది. ఇప్పుడు చెయ్యి వణుకుతోంది. ఈ కాగితం నింపేసరికి వారం పట్టింది. నీకు నేను ఇవ్వాల్సినవేమీ లేవు. ఉన్నా ఇవ్వను.

బాబాయ్
(అవునో కాదో నువ్వే చూసుకో)


లైబ్రరీ మేడ మీది గది నుంచి,
మార్చి ఐదు.

బాబాయ్ గారికి నమస్కారాలు.

మీ ఉత్తరం చూశాను. ఆ అచ్చు కాగితం మా కమిటీ పెద్దవాళ్ళందరికీ పంపింది. చిరునామాలు రాసింది వేరేవాళ్ళు. మీకు అలా వెళ్ళినందుకు మన్నించండి.

మేం చేస్తున్నది మంచి పని. నేను టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో రిటైరయ్యాక మా ఆయన, నేను, ఇంకొందరం కలిసి లైబ్రరీ పైన ఒక గది తీసుకున్నాం. యుద్ధానికి వెళ్ళి రానివాళ్ళ సామాన్లు పోగు చేస్తున్నాం. నీళ్ళ సీసాలు, సొట్టలు పడ్డ గిన్నెలు, ఇనప టోపీలు, ఒకరి గడ్డం గీసుకునే అద్దం. ప్రతి దాని పక్కన ఒక చీటీ పెడుతున్నాం, అది ఎవరిది, ఆ మనిషి ఏమయ్యాడు అని. ఆగస్టు ఇరవయ్యో తారీకున గది తెరుస్తాం.

కోటు సంగతి మీరే ఎత్తారు కాబట్టి చెబుతున్నాను. నాన్న కోటు దొరికింది.

రేవు పక్కన పాత సామాన్ల కొట్టులో చెక్క బొమ్మకి తొడిగి ఉంది. చూడగానే పోల్చుకున్నాను. ఫోటోలో పై నుంచి మూడో బొత్తాం మిగతావాటికంటే పెద్దగా ఉంటుంది. దీనికీ అంతే. భుజాల మీద అవే జరీ కుచ్చులు. ఇక వెనక్కి తిప్పి చూశాను. మెడ దగ్గర్నుంచి కింది అంచు దాకా నిలువునా కోసి ఉంది. గాయపడ్డ మనిషికి చేతులు ఎత్తించలేక డాక్టర్లు కోటుని వీపు వైపు నుంచి అలా కోసి తీస్తారని మా ఆయన అన్నారు. నాన్న జ్వరంతో పోయాడని సైన్యం నుంచి వచ్చిన కాగితంలో ఉంది. ఇంట్లోవాళ్ళు తట్టుకోలేరని అప్పట్లో అలా రాసేవారట. నాన్న ఎలా పోయాడో నాకు అరవయ్యేళ్ళు దాటాక తెలిసింది.

"గాయపడిన ఆఫీసరు ఒంటి మీంచి కోసి తీసిన కోటు" అని చీటీ రాశాను. గది మధ్యలో అదే ఉంటుంది.

మీరు ఎవరికి అమ్మారు, ఎందుకు అమ్మారు అని ఇప్పుడు అడగను. ఆ రోజుల్లో మీకూ ఇబ్బందులు ఉండి ఉంటాయి. నేను మనస్ఫూర్తిగా క్షమించాను. మీరు కూడా మనసులో ఏమీ పెట్టుకోకండి.

ఇట్లు,
మీ అన్న గారి అమ్మాయి


గేటు పక్క గది,
ఏప్రిల్ రెండు.

అమ్మాయీ,

క్షమించావా! ఎంత దయ! ఆ మాట దగ్గర కాగితం మడిచి పెట్టేసి వెళ్ళి గేటు దగ్గర కూర్చున్నాను. గేటువాడు, "ఏం పెద్దాయనా, మొహం అలా ఉంది" అన్నాడు. "క్షమాపణ వచ్చింది పోస్టులో" అన్నాను. "అయితే టీ తాగించు" అన్నాడు. తాగించాను. ఏం చెయ్యను మరి.

మీరు, గారు అంటూ రాశావు. నా మెడ మీదెక్కి జుట్టు పట్టుకుని "ఒరే బాబాయ్, పరిగెత్తు" అనేదానివి. ఇప్పుడు మీరట.

కోప్పడడం తర్వాత. ముందు నేను అడిగినవాటికి జవాబు చెప్పు. కోసిన చోట రెండు అంచులకీ నాడాలు కుట్టి ఉన్నాయా? కట్టుకునేలాగా, జతలు జతలుగా? మెడ పట్టీ లోపల తెల్లగా పొడి పట్టి ఉందా, ఉతికినా పోనట్టు?

ఇంకోటి. కోటు మీ అమ్మకి చూపించావా? చూపిస్తే ఏమంది?

ఆ చీటీ మాత్రం పెట్టకు. ఎందుకని అడగకు. పెట్టకు అంతే. నువ్వు నన్ను ఏమన్నా అనుకో, అలవాటు పడ్డాను. ఆ గాయం మాట మాత్రం పదిమంది ముందు పెట్టకు. రేపు నువ్వే తలెత్తుకోలేవు.

ఒంట్లో బాగుండడం లేదు. తొందరగా రాయి.

బాబాయ్


లైబ్రరీ మేడ మీది గది,
ఏప్రిల్ పంతొమ్మిది.

బాబాయ్ గారికి,

నాడాలు ఉన్నాయి. మెడ లోపల తెల్లటి మరక కూడా ఉంది. నాడాలు బొమ్మకి బిగించడానికి తనకి ముందున్నవాళ్ళెవరో కుట్టి ఉంటారని కొట్టతను అన్నాడు.

నేను మీకు ఆ రెండూ రాయలేదు. మీకు ఎలా తెలుసు? కోటు మీ చేతుల్లో ఉంటే తప్ప తెలియవు కదా. ఉత్తరం మా ఆయనకి చూపిస్తే, "ఇంకేం కావాలి, ఆయనే ఒప్పుకున్నాడు" అన్నారు. 

అమ్మకి చూపించాను. ఏమీ అనలేదు. ఎనభై ఆరేళ్ళ మనిషి, ఈ మధ్య ఒకటి గుర్తుంటే ఒకటి ఉండడం లేదు. కోటు వెనక కుర్చీ వేయించుకుని కూర్చుంది. నాడాల చివర్లు నలిగిపోయి ఉంటే వేళ్ళతో సాఫు చేసింది. ముందుకి రమ్మంటే రాలేదు.

చీటీ మాటల్ని మా ఆయన ఇత్తడి రేకు మీద చెక్కించడానికి ఇచ్చేశారు. ఆపమంటే కారణం చెప్పాలి. అడగకు అంటే సరిపోదు. చెప్పండి, లేదా వదిలేయండి.

మీ అన్న గారి అమ్మాయి


గేటు పక్క గది,
మే పద్నాలుగు.

అమ్మాయీ,

చెప్పకుండా పోదామనుకున్నాను. మీరు ఇత్తడి దాకా వెళ్ళారు. కాగితమైతే చింపొచ్చు, ఇత్తడిని ఏం చేస్తాం.

మన పాత వీధి చివర ఫోటో స్టూడియో ఉండేది. యజమాని కెమెరా వెనక నల్లగుడ్డలోంచి తల బయటికి తీసేవాడే కాదు. ఆయన్ని నల్లగుడ్డ మేష్టారు అనేవాళ్ళం. అక్కడ నేను తెరలకి రంగులు వేసేవాణ్ణి. యుద్ధం వచ్చింది. వయసులో ఉన్నవాళ్ళు వరసపెట్టి పేర్లిచ్చారు. నేనూ వెళ్ళాను. నాకు ఒక కన్ను సరిగ్గా కనపడదు కదా, ఇంటికి పొమ్మన్నారు. మా అన్నని తీసుకున్నారు.

పేరిచ్చిన వాళ్ళకి ఇక్కడ బట్టలివ్వరు. రైలెక్కి ఎక్కడికో వెళ్ళాక ఇస్తారు. వెళ్ళేముందు ఇంట్లో ఒక ఫోటో పెట్టిపోవాలని అందరికీ ఉంటుంది. మాసిన చొక్కాతో తీయించుకుంటే ఎవరికి చూపించుకుంటారు? అప్పుడే ఒక నాటకాల కంపెనీ మూతపడింది. మేష్టారు వాళ్ళ దగ్గర సేనాపతి వేషం కోటు కొన్నాడు. అవును. నీ గది మధ్యలో పెట్టినది ఆ కోటే. అది యుద్ధం మొహం చూడలేదు. స్టూడియో మూతపడి సామాన్లు కొట్టుకి పోయేదాకా వీధిలోకి కూడా రాలేదు.

లావాటి వాళ్ళకి అది పట్టేది కాదు, బక్కవాళ్ళకి వేలాడేది. అందుకని మేష్టారు భార్య వీపు నిలువునా కోసి నాడాలు కుట్టింది. ఎవరొచ్చినా చేతులు దూర్చి వెనక బిగించడమే. ముందు నుంచి చూస్తే ఆఫీసరు. వెనక నుంచి చూస్తే చొక్కా, చెమట. మెడ లోపల ఉన్నది మొహాలకి అద్దే పౌడరు. అద్దినవాణ్ణి నేను. మూడో బొత్తాం ఊడిపోతే చెక్కముక్క గుండ్రంగా చెక్కి బంగారు రంగు పూశాను. నా మాట మీద నమ్మకం లేకపోతే గోటితో గీకి చూడు.

ఫోటోల్లో మనుషుల వెనక కోట బొమ్మ ఉంటుంది చూడు, అది నేను వేసిన తెర. ఒంటి కన్నుతో వేశాను కాబట్టి జెండా కర్ర కుడివైపు ఒరిగింది. మా అన్న ఆ తెర ముందు నిలబడి, "ఒరే, నీ జెండా పడిపోయేట్టుందిరా. మనం గెలుస్తామంటావా?" అన్నాడు. "అంత భయంగా ఉంటే నువ్వెళ్ళి పట్టుకో" అన్నాను. పగలబడి నవ్వాడు. మేష్టారు గుడ్డలోంచే అరిచాడు, "ఆఫీసర్లు నవ్వకూడదయ్యా!" అని. అందుకే ఆ ఫోటోలో మా అన్న మూతి అలా బిగబట్టి ఉంటుంది. మీరు దాన్ని పౌరుషం అనుకుంటారు. అది ఆపుకున్న నవ్వు. నువ్వు చంటిదానివి, అక్కడే ఉండి ఏడుస్తున్నావు.

మా అన్న ఆఫీసరు కాదు. తుపాకీ కూడా ఇచ్చారో లేదో తెలీదు. ఇక్కడ బేకరీలో పనిచేసేవాడు కదా, అక్కడా రొట్టెలు కాల్చే పొయ్యి దగ్గరే పెట్టారు. ఆ శిబిరంలో జ్వరాలు వచ్చాయి. చాలామంది పోయారు. మా అన్న పోయాడు. కాగితంలో జ్వరం అని ఉంటే అది జ్వరమే.

మూట పట్టుకెళ్ళిన మాట నిజం. ఎదురింటి వాళ్ళు చూశారు. అందులో ఉన్నది కోటు కాదు. అక్కడి నుంచి ఇంటికి పంపిన పొట్లంలోవి, ఒక తగరపు కప్పు, కంబళి ముక్కతో తనే కుట్టుకున్న చేతి తొడుగు. పొయ్యిలో చెయ్యి పెట్టి పెట్టి వేళ్ళ దగ్గర మాడిపోయింది. అవి నా చేతికి ఎలా వచ్చాయో నీకు అక్కర్లేదు.

మీ అమ్మని ఏమీ అడగకు. ఆమెకి ఇదంతా తెలీదు. ఈ వయసులో ఆమె మనసు కష్టపెట్టకు. రేకు తీసెయ్, చాలు.

రాసి రాసి వేళ్ళు కొంకర్లు పోయాయి.

బాబాయ్


ఇంటి నుంచి,
జూలై ఇరవై రెండు.

బాబాయ్,

రెండు నెలలు రాయలేదు. రాయలేకపోయాను. నీ ఉత్తరం చదవగానే బొత్తాం గీకాను. చెక్క. గోట్లోకి రంగు వచ్చింది.

తర్వాత గదిలో జనం తెచ్చిచ్చిన ఫోటోలు తీశాను. గోడకి పెట్టడానికి కట్టలు కట్టి ఉంచాం. నీ కోట కోసం చూశాను. మందుల షాపాయన నాన్న, వెనక ఒరిగిన జెండా. లైబ్రరీ ఊడ్చే ఆవిడ మేనమామ, అదే జెండా. ఒక్కొక్కటీ తీసి బల్ల మీద పెడుతున్నాను, బల్ల చాలలేదు. అందరూ మా నాన్న కోటులోనే ఉన్నారు. ఇన్నాళ్ళు వాటిని ఎన్నిసార్లు చేత్తో పట్టుకున్నానో, నాకు కనపడలేదు. నాకు నాన్న ఒక్కడే కనపడ్డాడు.

అమ్మని అడగొద్దన్నావు. అడిగాను. నువ్వు అబద్ధం రాశావు బాబాయ్. అమ్మకి తెలుసు.

గదిలో కోటు వెనక కూర్చుని ఉంది. "ఈ నాడాలేంటమ్మా?" అన్నాను. "నేనే కట్టాను. గట్టిగా లాగి కడితే మీ నాన్న 'ఊపిరాడట్లేదే, యుద్ధందాకా వెళ్ళనిచ్చేట్టు లేవు' అన్నాడు" అంది. నిన్న జరిగినట్టు చెప్పింది.  మొదట ఎవరితోనూ అబద్ధం ఆడలేదట. ఫోటో గోడకి పెట్టాక ఇంటివాళ్ళు, వీధివాళ్ళు వాళ్ళంతట వాళ్ళే ఆఫీసరు గారి భార్య అనడం మొదలుపెట్టారట. అద్దెకిచ్చినవాడు అంతకుముందు వేళాపాళా లేకుండా తలుపు కొట్టేవాడట. అలా అన్నాక మానేశాడట. "నేను కాదని ఎందుకు చెప్పాలి? ఆ చంటిదాన్ని పెట్టుకుని ఎలా బతికానో నాకు తెలుసు" అంది.

"మరి మూట?"

"నేనే కట్టి మీ బాబాయ్ చేతిలో పెట్టాను. ఆఫీసరు ఇంట్లో పొయ్యి దగ్గర తొడుగు ఏంటని అడుగుతారు కదా."

"అయితే నా పెళ్ళిలో ఎందుకలా అన్నావ్? నోరు జారిందా?"

అమ్మ నాడా ఒకటి వేలికి చుట్టుకుంది. తర్వాత అంది, "జారలేదు. మీ మామగారు కోటు అడుగుతాడని నాకు ముందే తెలుసు. ఎవరి మీద పెట్టాలా అని ఆలోచించాను. పరాయివాళ్ళ మీద పెడితే పోలీసుల దాకా పోతుంది. మీ బాబాయ్ అయితే నోరెత్తడు. ఎవరో ఒకరు మోయాలి కదే. వాడు మోస్తాడు."

ఇది నీకు రాయాలా వద్దా అని చాలా రోజులు ఆలోచించాను. దాస్తే నేనూ అమ్మలాగే అవుతాను.

ఇప్పుడు ఒక మాట అడుగుతున్నాను, కోప్పడకు. ఇరవయ్యో తారీకున ఆ ఫోటోల వాళ్ళందరూ వస్తున్నారు. వెనక వీధిలో ఒక ముసలావిడ ఉంది, కోటు దగ్గర ఒక్క నిమిషం నిలబడతానంది. "మా ఆయనకీ ఇలాంటిదే ఉండేదమ్మా, ఏమైందో ఏమో" అంది. ఎవరి ఒంటి మీంచి కోటు విప్పమంటావు నన్ను? మా ఆయనకి ఇంకా ఏమీ చెప్పలేదు. ఆఫీసరు గారి అల్లుడినని చెప్పుకుంటూ ముసలివాడయ్యాడు. రేకు మీద గాయం మాట మాత్రం ఏదో వంక పెట్టి తీయించేశాను. "ఆఫీసరు గారి కోటు" అని ఉంది.

అమ్మ ఉన్నన్నాళ్ళు ఇలా ఉండనియ్యి బాబాయ్. నువ్వు రా. ముందు వరసలో నా పక్కన కూర్చో. కోటు దొరికిపోయింది కాబట్టి ఆ దొంగతనం మాట ఇక ఎవరూ ఎత్తరు.

నువ్వు మోసింది నా కోసమేనని ఇప్పుడు తెలిసింది. తెలిసి కూడా ఇలా అడుగుతున్నాను.

నీ అమ్మాయి


గేటు పక్క గది,
ఆగస్టు ఐదు.

అమ్మాయీ,

మోస్తాడట.

నోరు జారింది అనుకుని ఇన్నేళ్ళు బతికాను. పాపం, అంతమందిలో భయపడింది, ఏం చెయ్యాలో తోచక అనేసింది అని మా ఆవిడకి ఎన్నిసార్లు సర్దిచెప్పానో. ఆమె నమ్మలేదు. "మీ వదిన నోరు జారే మనిషి కాదు" అనేది. పోయేదాకా అదే అంది. నేను వదిన తరఫున మా ఆవిడతో పోట్లాడాను. ఇప్పుడు ఆమెకి చెబుదామంటే మనిషి లేదు.

నాకు కోపం రావాలి. రావట్లేదు. గోడకి ఆనుకుని కూర్చున్నాను, నీ కాగితం ఒళ్ళో పెట్టుకుని. గూడ్సు బండి ఒకటి వెళ్ళింది, ఎంతకీ అవ్వలేదు. ఆ చప్పుడు బాగుంది అనిపించింది. అంత అలసిపోయాను.

మీ అమ్మని ఏమీ అనకు. అద్దెకిచ్చినవాడి సంగతి నాకు తెలీదు. వాడి బోర్డు రాసింది నేనే, తెలిసి ఉంటే అప్పుడే రంగు డబ్బా వాడి నెత్తిన పోసేవాణ్ణి. ఆమె నన్ను ఒక్క మాట అడిగి ఉంటే సరేననేవాణ్ణి. "అబ్బాయ్, నీ మీద పెడతాను, ఊరుకో" అని ముందు రోజు అని ఉంటే, నేనే మీ మామగారి ముందు తల వంచుకుని "అవునండీ, అమ్ముకున్నాను" అనేవాణ్ణి. అడగలేదు. అడగక్కర్లేదు అనుకుంది. నాకు ఇన్నేళ్ళు నొప్పెక్కడో తెలీలేదు. అక్కడ.

ఇక నీ సంగతి. కోటు దొరికింది కాబట్టి ఎవరూ మాట ఎత్తరు అన్నావు. ఎక్కడ దొరికింది? పాత సామాన్ల కొట్టులో. అంటే అమ్మినవాడు ఉండాలి కదా. ఎవడు? ఇప్పటిదాకా అది మీ అమ్మ నోటి మాట. ఇరవయ్యో తారీకు నుంచి ఇత్తడి మీద మాట. నేను పోయాక కూడా ఆ రేకు ఉంటుంది. నన్ను ముందు వరసలో కూర్చోబెట్టి దాన్ని చూపిస్తావా?

ఎవరి ఒంటి మీంచి కోటు విప్పాలి అని అడిగావు. ఎవరిదీ విప్పక్కర్లేదు. ఆ ముసలావిడ మొగుడు ఆ కోటు వేసుకున్న మాట అబద్ధమా? వేసుకున్నాడు. పౌడరు అద్దింది నేనే. వెళ్ళాడు, రాలేదు. అందులో ఏది అబద్ధం? ఆఫీసరు అనే ముక్క ఒక్కటే. మీరంతా ఆ ముక్క పట్టుకుని కూర్చున్నారు. నా మాట విని కోటుని వెనక్కి తిప్పి పెట్టు. నాడాలు జనం వైపు ఉండాలి. చుట్టూ ఆ ఫోటోలన్నీ పెట్టు, మా అన్నది కూడా, ఒకదాని పక్కన ఒకటి. వీళ్ళందరూ వెళ్ళేముందు ఈ కోటు వేసుకుని ఇంట్లోవాళ్ళ కోసం ఫోటో తీయించుకున్నారు అని రాయి. ఎవరు తక్కువవుతారు? ఆ ముసలావిడ మొగుడు ఆవిడకి దూరం కాడు, ఆయన పక్కన ఇంతమంది తోడు వచ్చారు.

మా అన్న రొట్టెలు కాల్చాడు. రోజూ ఎంతమందికో అన్నం పెట్టాడు. అది ఆఫీసరు పనికంటే తక్కువని మీ ఆయన అంటే నా దగ్గరికి పంపు. చేతి తొడుగు నేను తెస్తాను, మా అన్న ఫోటో కింద పెట్టు.

మీ ఆయనకి నువ్వే చెప్పాలి. నేను చెప్పను, అది మొగుడూ పెళ్ళాల మధ్య సంగతి. మీ అమ్మ దగ్గరికి నేనే వస్తాను. దెబ్బలాడడానికి కాదు. ఎదురుగా కూర్చుంటాను. ఆమె ఏం చెప్పాలనుకుంటే అది చెబుతుంది. ఏమీ చెప్పకపోయినా కూర్చుని వస్తాను.

ఒకటి మాత్రం నువ్వు చెయ్యాలి. మా బాబాయ్ దొంగ కాదు, ఆ కోటు ఎప్పుడూ మా ఇంట్లో లేదు అని ఆ రోజు అందరి ముందు నోటితో చెప్పాలి. చీటీ మీద రాస్తే కుదరదు. నోటితో అన్నది నోటితోనే పోవాలి. అమ్మ ఉన్నన్నాళ్ళు ఆగమన్నావు. మీ అమ్మకి నాలుగేళ్ళు చిన్నవాణ్ణి, కానీ ముందు వెళ్ళేది నేనే అనిపిస్తోంది. రాత్రుళ్ళు ఊపిరి అందట్లేదు. ఆగే ఓపిక లేదమ్మా. మోసే ఓపిక అసలు లేదు.

పద్దెనిమిదో తారీకు పోస్టు వచ్చే వేళకి నీ జవాబు నా చేతిలో ఉండాలి. చెబుతానంటే చెబుతానని రాయి, పంతొమ్మిది పొద్దున బండెక్కుతాను. చెప్పనంటే అదైనా రాయి, నీ నోటి మాటగా వింటాను, ఇంక నీకు కాగితం రాయను. ఏమీ రాయకుండా ఊరుకుంటే మాత్రం అది జవాబు అనుకోను. ఇరవయ్యో తారీకున వచ్చి, అంతమందిలో లేచి, ఆ కోటు నా చేత్తో వెనక్కి తిప్పుతాను. నీ పెళ్ళిలో నీ కోసం నోరు మూసుకున్నాను. ఈసారి నీ కోసం కూడా మూసుకోను.

చెబుతావా, చెప్పవా? పద్దెనిమిది.

బాబాయ్